మడమ మీది దుప్పటి తీసి చూశామా?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు తన తండ్రి గురించి రాశారు. పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన ఆ పెద్దాయన మూడు వారాల తర్వాత నడుము కింద అరచేయంత పడకపుండుతో, అంటే కదలకుండా ఒకే చోట పడుకుని ఉంటే ఒత్తిడికి పడే పుండుతో, ఇంటికి వచ్చారట. "పుండు పడేదాకా నర్సులు ఏం చేస్తున్నారు?" అని ఆయన అడిగారు. ఆ ప్రశ్న చదివి పేజీ తిప్పేయలేకపోయాను. ముప్పై ఏళ్లుగా వార్డుల్లోనే ఉన్నాను, ఇప్పుడు వార్డు ఇన్‌చార్జిని. ఆయనకు జవాబు చెప్పాల్సిన వాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఏం చేస్తున్నామో చెప్పడం కష్టం కాదు. ఇంజెక్షన్లు వేస్తున్నాం, సెలైన్ సీసాలు మారుస్తున్నాం, బీపీ, షుగర్ చూసి రాస్తున్నాం, కొత్తగా వచ్చిన రోగిని చేర్చుకుంటున్నాం, డాక్టరు గారి వెనక రౌండ్స్‌లో తిరుగుతున్నాం. ఖాళీగా ఎవరూ కూర్చోలేదు. అయితే ఆ రోజుల్లో ఆయన తండ్రి నడుము కింది చర్మాన్ని ఎవరూ చూసి ఉండరు. చూడటం కూడా ఒక పనే అని మాలో చాలామందికి అనిపించదు. నేను ఈ లేఖ రాస్తున్నది ఆ అనిపించకపోవడం గురించే.

నా చేతుల మీదుగా జరిగినదే చెబుతాను. పదిహేడేళ్ల కిందటి మాట. కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయి, మాట పోయిన ఒక పెద్దాయన మా వార్డులో ఉన్నారు. కాళ్లకు చలి వేస్తుందేమోనని ఆయన కూతురు మందపాటి మేజోళ్లు తొడిగింది. మేం ఆయన్ను ఎడమకూ కుడికీ తిప్పేవాళ్లం. ఒళ్లు తుడిచేవాళ్లం, డైపర్ మార్చేవాళ్లం. మేజోళ్లు మాత్రం ఐదు రోజుల పాటు ఎవరూ విప్పలేదు. ఆరో రోజు పొద్దున కాళ్లు కడగాలని కూతురే విప్పింది. కుడి మడమ వెనక నాణెమంత మేర చర్మం నల్లటి ఊదారంగుకు తిరిగి ఉంది. వేలితో తాకితే బాగా మగ్గిన పండులా లోపలికి మెత్తగా దిగింది. ఆ కాలికి స్పర్శ లేదు, ఆయనకు మాట లేదు. నొప్పి అని చెప్పే దారే లేకపోయింది.

"సిస్టర్, ఇది ఎప్పటి నుంచి ఉంది?" అని కూతురు అడిగింది. గొంతు పెంచి అడగలేదు. నేను చార్టు తెరిచాను. రెండు గంటలకోసారి పొజిషన్ మార్చినట్టు రాసి ఉంది. ఎనిమిది, పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు. కింద నా సంతకం. ఒకే కలంతో, ఒకే ఊపులో, ఒక అంకెకూ మరో అంకెకూ తేడా లేకుండా రాసిన వరస అది. డ్యూటీ అయిపోయే ముందు ఒక్కసారిగా కూర్చుని నింపిన వరస. అందులో కొన్నిసార్లు తిప్పిన మాట నిజమే. అన్నిసార్లూ కాదు. పైగా మనిషిని ఎన్నిసార్లు తిప్పినా, పిక్క కింద దిండు పెట్టి మడమను పరుపుకు తగలకుండా లేపి ఉంచకపోతే మడమ మీది బరువు అక్కడే ఉంటుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. పరీక్షలో అడిగితే బొమ్మ గీసి మరీ రాసేదాన్ని.

ఆ మచ్చ పది రోజుల్లో చితికి పుండయింది. మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఫిజియోథెరపీతో ఆ కాలికి కొంచెం బలం తిరిగి వస్తున్న రోజుల్లో, మడమ మీద బరువు మోపకూడదని చెప్పి ఆయన్ను నిలబెట్టడం ఆపేశారు. తేరుకుంటున్న కాలిని మేమే మళ్లీ మంచానికి కట్టేశాం. ఆ కూతురి ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు, "ఇలాంటి కేసుల్లో వస్తుంటాయమ్మా." ఆ మాట ఈరోజుకీ నన్ను తొలుస్తూనే ఉంది.

ఆ మాటే వైఖరి అంటే. పుండు ఎలా పడుతుందో మాకు తెలుసు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చోట సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. చర్మం కన్నా ముందు లోపలి కండ దెబ్బతింటుంది, పైన మచ్చ కనబడేసరికి లోపల నష్టం చాలా దూరం వెళ్లి ఉండవచ్చు. తల వైపు ఎత్తిన మంచంలో రోగి మెల్లగా కిందికి జారుతుంటే, చర్మం దుప్పటికి అంటుకుని ఉన్నచోటే ఉండిపోతుంది, ఎముక మాత్రం దిగుతుంది. ఆ లాగుడుకు లోపలి పొరలు చిరుగుతాయి. జారిన మనిషిని చంకల్లో చేతులు వేసి పైకి ఈడిస్తే అదే నష్టం రెండోసారి. ఇవన్నీ చదివే వచ్చాం. ప్రమాదాన్ని అంచనా వేయడానికి నార్టన్ స్కేలు 1962 నుంచి ఉంది, బ్రేడెన్ స్కేలు 1987 నుంచి ఉంది. బ్రేడెన్‌లో 6 నుంచి 23 వరకు మార్కులు, 18 లేదా అంతకన్నా తక్కువ వస్తే జాగ్రత్త పడాలి. మా కేసు షీట్లలో ఆ కాగితం ఎప్పుడూ ఉంటుంది. అంకె వేస్తాం, అంకె వేశాక మంచం దగ్గర ఏమీ మారదు.

కొన్నేళ్ల తర్వాత ఒక శిక్షణలో విన్న విషయం ఒకటి నా మనసులో నాటుకుపోయింది. బెల్జియం ఆసుపత్రుల్లో నర్సులకు ఈ పుండ్ల గురించి ఎంత తెలుసో, వాటి నివారణ పట్ల వారి వైఖరి ఎలా ఉందో విడివిడిగా కొలిచి, వారి రోగులకు నిజంగా అందుతున్న సంరక్షణతో పోల్చి చూశారు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. సరైన నివారణ అందడానికి జ్ఞానంతో నేరుగా సంబంధం కనబడలేదు, వైఖరితో కనబడింది. అంటే ఎక్కువ తెలిసిన నర్సు దగ్గర రోగి వీపు క్షేమంగా ఉంటుందన్న హామీ లేదు. దాన్ని పట్టించుకోదగ్గ విషయంగా చూసే నర్సు దగ్గర అవకాశం ఎక్కువ.

ఆ వైఖరిని కొలవడానికి అదే బృందం తయారుచేసిన ప్రశ్నావళిలో 13 వాక్యాలున్నాయి. నాకు ఆ పని చేతనవునా, నా పనుల్లో దానికి ఎంత ప్రాధాన్యం ఇస్తాను, పుండు పడితే రోగికి ఎంత నష్టమని అనుకుంటాను, బాధ్యత నాదే అనుకుంటానా, నివారణ నిజంగా పనిచేస్తుందని నమ్ముతానా - ఇవీ అందులోని సంగతులు. నన్ను నేను ఆ ప్రశ్నలు అడుగుకున్నాను. చివరి దాని దగ్గర ఆగిపోయాను. నేను నమ్మలేదు. "వచ్చేవి వస్తాయి" అన్నది నాకు సీనియర్ల నుంచి వచ్చిన మాట, నా తర్వాత వచ్చిన పిల్లలకు నేను అందించిన మాట.

ఈ మాటకు చాలా పెద్ద పూర్వీకులున్నారు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో నాడీ వైద్యానికి పేరుమోసిన షార్కో, మెదడో వెన్నుపామో దెబ్బతిన్నవారికి నాడుల దెబ్బ వల్లే పుండు పడుతుందని, కొన్ని పుండ్లు రాబోయే మరణానికి సూచన అని బోధించారు. అంత పెద్ద మనిషి అలా చెబితే మంచం పక్కన నిలబడ్డ నర్సు ఎందుకు ప్రయత్నిస్తుంది? వెన్నుపాము తెగినవాళ్లు పుండ్లతో, మూత్రపు ఇన్‌ఫెక్షన్లతో చనిపోవడం విధి అన్నట్టు చాలా ఏళ్లు గడిచిపోయాయి. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల వార్డు తెరిచారు. నాజీల జర్మనీ నుంచి తప్పించుకుని వచ్చిన మనిషి ఆయన. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి ప్రతి రోగినీ తిప్పి తీరాలన్నారు. తిప్పుతున్నారో లేదో చూడటానికి రాత్రివేళ స్వయంగా వార్డుకు వచ్చేవారు. చనిపోతారనుకున్న వాళ్లు బతికారు, లేచి కూర్చున్నారు, ఆటలాడారు. ఈనాటి పారాలింపిక్స్ 1948లో ఆ ఆసుపత్రి ఆవరణలో జరిగిన పోటీల నుంచే పుట్టాయి. ఆ వార్డులో రాత్రి రెండింటికి మనిషిని పక్కకు తిప్పిన చేతుల పేర్లు ఎక్కడా ఉండవు. నాకు మాత్రం ఆ చేతులే కళ్ల ముందు మెదులుతాయి.

అన్ని పుండ్లనూ ఆపగలం అని నేను అనడం లేదు. రక్తపోటు పడిపోయి, అవయవాలు ఒక్కొక్కటే ఆగిపోతున్న మనిషికి చర్మం కూడా ఆగిపోతుంది. చివరి రోజుల్లో ఉన్నవారికి గంట లెక్క కన్నా నొప్పి లేకుండా ఉండటం ముఖ్యం. ఇవి నిజాలు. ఈ నిజాల చాటున, ఆపగలిగి ఉండీ ఆపని పుండ్లను మేం దాచుకుంటూ వచ్చాం.

చర్మం రంగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మాకు సరిగా నేర్పలేదు. మొదటి దశలో చర్మం ఎర్రబడుతుందని, వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది హెచ్చరిక అని మా పాఠాల్లో ఉంటుంది. తెల్లటి చర్మాన్ని చూసి రాసిన పాఠం అది. నల్లటి, చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు చాలాసార్లు కనబడదు. మేం ఎరుపు కోసం చూస్తాం, కనబడదు, "చర్మం బాగుంది" అని రాసేస్తాం. రెండు రోజులకు బొబ్బ వస్తుంది. ముదురు రంగు చర్మాన్ని చేత్తో చూడాలి. వేళ్ల వెనకభాగం ఆనించి, పక్కనున్న చోటి కన్నా వెచ్చగా ఉందా చల్లగా ఉందా, గట్టిగా ఉందా గుజ్జులా ఉందా అని పోల్చాలి. రెండు మడమలనూ రెండు చేతులతో ఒకేసారి పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. రంగు చుట్టుపక్కల కన్నా ముదిరిందేమో మంచి వెలుతురులో చూడాలి. మాట్లాడగలిగిన రోగిని అక్కడ మంటగా ఉందా, సలపరంగా ఉందా అని అడగాలి. దీనికి ఒక్క నిమిషం చాలు. మనిషికి అరగంట ఏమీ పట్టదు.

మాకు మరో పాఠం కూడా తప్పుగా అలవాటైంది. నేను శిక్షణలో ఉన్నప్పుడు వీపుకు స్పిరిట్ రాసి, గట్టిగా మర్దన చేసి, పౌడర్ చల్లితే అదే గొప్ప సేవ. ఎముక పొడుచుకొచ్చిన చోట కందిన చర్మం మీద మర్దన చేస్తే కింద ఇప్పటికే నలిగిన కణజాలం ఇంకా నలుగుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగడుతుంది. మధ్యలో చిల్లు ఉన్న గాలి రింగు మీద కూర్చోబెట్టడమూ అంతే, రింగు అంచు చుట్టూ ఒత్తి మధ్యలోకి రక్తం రాకుండా చేస్తుంది. ఇవి ఇప్పటికీ కొన్నిచోట్ల ప్రేమగా చేస్తున్నారు. ప్రేమకు తప్పు పట్టను. దాన్ని దిండు పెట్టడం మీదికి, తడిసిన దుప్పటిని వెంటనే మార్చడం మీదికి మళ్లించమని అడుగుతాను.

ఇక బాధ్యత ఎవరిదన్న సంగతి. తిప్పడం ఆయా పని, శుభ్రం చేయడం ఆయా పని, నర్సు పని మందులూ రాతకోతలూ అన్న విభజన మా మనసుల్లో గట్టిగా నాటుకుంది. చదువు పెరిగిన కొద్దీ రోగి ఒంటికి దూరం జరగడమే ఎదుగుదల అనుకునే స్థితికి వచ్చాం. మా వార్డులో ఒక ఆయా ఉండేది. డైపర్ మార్చేటప్పుడు ఆమెకు కనబడినవన్నీ నాకు చెప్పేది. "సిస్టర్, పన్నెండో నంబరమ్మకు తోక ఎముక దగ్గర చర్మం మాడినట్టుంది." నేను రాసుకునేదాన్ని కాదు. డాక్టరు చెప్తే రాసుకునేదాన్ని, ఆయా చెప్తే సరే అనేదాన్ని. రోగి ఒంటిని రోజుకు నాలుగుసార్లు చూసే ఒకే ఒక్క మనిషి మాటకు కేసు షీటులో చోటు లేదు. ఈ విషయంలో ఆమెకు నేను క్షమాపణ చెప్పాను, చెప్పేసరికి ఆమె రిటైరయ్యే సంవత్సరం వచ్చింది.

1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ ఒక మాట రాశారు. రోగికి పడకపుండు వస్తే సాధారణంగా తప్పు జబ్బుది కాదు, నర్సింగ్‌ది అని. విద్యార్థినిగా ఉన్నప్పుడు ఆ వాక్యం చూస్తే నాకు కోపం వచ్చేది, అంతా మా నెత్తిన వేసినట్టు. ఇప్పుడు అందులో రెండు విషయాలు చూస్తున్నాను. ఆమె "సాధారణంగా" అన్నారు. తప్పు "నర్సింగ్‌ది" అన్నారు, నర్సుది అనలేదు. నర్సింగ్ అంటే నేనొక్కదాన్నే కాదు. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారు, పరుపు గుంటపడిందా, అదనపు దిండ్లు ఉన్నాయా, మనిషిని ఎత్తి జరపడానికి రెండో జత చేతులు దొరుకుతాయా అన్నవి కూడా నర్సింగే. ఐర్లండ్‌లో 2004లో అచ్చయిన ఒక పరిశీలనలో నర్సుల వైఖరి బాగానే ఉందని తేలింది, ఆచరణ మాత్రం ఒక పద్ధతిలో లేదు. అడ్డుగా వారు చెప్పినవి సమయం లేకపోవడం, సిబ్బంది లేకపోవడం. నాకు ఇది చదివితే ఆశ్చర్యం కలగదు. రాత్రంతా ఒక్కర్తే వార్డు మొత్తం చూసుకునే అమ్మాయికి వైఖరి మార్చుకోమని ఉపన్యాసం ఇచ్చే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు. వంద కిలోల మనిషిని ఒక్కర్తే ఎలా తిప్పుతుంది? తిప్పలేనప్పుడు, తిప్పడం అంత ముఖ్యం కాదని మనసే సర్దిచెప్పుకుంటుంది. చాలాసార్లు మా వైఖరి అలా తయారవుతుంది, ముందు చేయలేకపోవడం, ఆ తర్వాత పట్టనట్టుండటం.

శిక్ష వేయడం వల్ల కూడా ఇది బాగుపడుతుందని నేను అనుకోను. అమెరికాలో 2008 అక్టోబరు నుంచి, ఆసుపత్రిలో చేరాక ముదిరిన పుండ్లు పడితే వాటికి ప్రభుత్వ బీమా అదనపు సొమ్ము చెల్లించడం ఆపేసింది. యాజమాన్యాల మీద అలాంటి ఒత్తిడి పెడితే పరుపులు, సిబ్బంది వస్తాయేమో, రావాలి కూడా. అదే ఒత్తిడి నర్సు మీద పెట్టి, పుండు కనబడగానే మెమో ఇస్తే మాత్రం ఆమె పుండును చూడటం మానేస్తుంది. చార్టులో ఒకే కలంతో వరస నింపుతుంది. నేను నింపింది కూడా భయంతోనే.

మా వార్డులో మేం మార్చింది పెద్దదేమీ కాదు. డ్యూటీ అప్పగించేటప్పుడు బల్ల దగ్గర నిలబడి కాగితం చూసి చెప్పడం మానేశాం. లేవలేని రోగుల విషయంలో ఇద్దరం మంచం దగ్గరికి వెళ్తాం. దుప్పటి తీస్తాం. మడమలు, తుంటి, నడుము కింది ఎముక, ఆక్సిజన్ గొట్టం ఒరుసుకునే చెవి వెనక భాగం - అప్పగించే నర్సూ తీసుకునే నర్సూ కలిసి చూస్తాం. మందుల కన్నా ముందు చర్మం గురించి చెప్పాలని నియమం. తిప్పిన వెంటనే రాయాలి, తిప్పలేకపోతే "తిప్పలేదు, ఒక్కరమే ఉన్నాం" అని రాయాలి, రాసినందుకు ఎవరినీ ఏమీ అనను. ఆ "తిప్పలేదు"లన్నీ నెలాఖరుకు ఏరి యాజమాన్యం ముందు పెట్టాను. రాత్రికి ఇంకో మనిషిని ఇచ్చారు. ఎన్నేళ్లు అర్జీలు పెట్టినా కదలని విషయం అది, నిజం రాసిన చార్టులతో కదిలింది. ఆయా చెప్పిన మాటకు ఇప్పుడు షీటులో ఒక గడి ఉంది. రౌండ్స్‌లో డాక్టరు గారిని కూడా అడిగాను, బీపీ అడిగినట్టే వీపు గురించి అడగండి అని. మొదట్లో మరిచిపోయేవారు, ఇప్పుడు అడుగుతున్నారు. పెద్దవాళ్లు అడిగే విషయమే పిల్లలు ముఖ్యమనుకుంటారు.

లేఖ రాసిన ఆ పాఠకుడికి ఒక మాట. మీ నాన్నగారికి జరిగిన దానికి నర్సుగా నేను విచారిస్తున్నాను. మీ కోపం న్యాయమైనది. ఇంట్లో ఆయనకు పుండు ఉన్న వైపు బరువు పడకుండా చూడండి. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది కాబట్టి, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల మేర కొంచెం ఏటవాలుగా పడుకోబెట్టండి. పిక్కల కింద పొడవునా దిండు పెడితే మడమలు గాలిలో ఉంటాయి. జరపాల్సి వస్తే ఈడ్వకుండా, కింద వేసిన దుప్పటితో ఇద్దరు ఎత్తి జరపండి. మాంసకృత్తులున్న ఆహారం ఎంత ఇవ్వవచ్చో డాక్టరును అడగండి, పుండు మానడానికి అవి కావాలి. వాసన వచ్చినా, చుట్టూ వేడెక్కినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి. మళ్లీ ఎప్పుడైనా ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే, మొదటి రోజే నర్సును పిలిచి "ఒకసారి వీపూ మడమలూ కలిసి చూద్దామా సిస్టర్" అని అడగండి. మాలో ఎవరికైనా అది చిన్నతనంగా అనిపిస్తే, అనిపించనివ్వండి.

పోయిన నెలలో ఒక రాత్రి జరిగింది చెప్పి ముగిస్తాను. ఉద్యోగంలో చేరి ఏడాది నిండని అమ్మాయి నైట్ డ్యూటీలో ఉంది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న ఒక పెద్దావిడ ఆ రోజే చేరారు. పొద్దున నేను వార్డులోకి వెళ్లేసరికి ఆ అమ్మాయి మంచం దగ్గరే నిలబడి ఉంది. ఆపరేషన్ ఎన్ని గంటలకో, రక్తం దొరికిందో లేదో చెప్పే ముందు నా చెయ్యి పట్టుకుని ఆ పెద్దావిడ ఎడమ మడమ మీద పెట్టింది. "మేడమ్, కుడిదాని కన్నా వెచ్చగా ఉంది కదా" అంది. ఉంది. కళ్లకు ఏ తేడా తెలియడం లేదు. చార్టులో రాత్రి రెండు గంటల పది నిమిషాలకు "ఎడమ మడమ వెచ్చగా, మెత్తగా ఉంది, దిండు పెట్టాను" అని ఉంది. నాలుగింటికి "ఇంకా వెచ్చగానే ఉంది" అని ఉంది. అంకెలు ఒకదానికొకటి పోలిక లేకుండా వంకర వంకరగా ఉన్నాయి, ఒకచోట కలం కూడా మారింది. మూడో రోజుకు ఆ మడమ రెండోదానిలా చల్లబడింది.

ఇట్లు,
ఒక వార్డు ఇన్‌చార్జి నర్సు